వైర్‌లెస్ సెట్టు పలికిన రోజు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నన్ను హుస్నాబాద్ అవతల, గుట్టల నడుమ ఉన్న ఒక ఊరి పోలీసు క్యాంపుకు వైర్‌లెస్ ఆపరేటరుగా పంపారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు దాటాయి. మాది కరీంనగర్. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుకుంటూ పెరిగినవాణ్ణి. మా నాన్నకు సైకిళ్ళు బాగుచేసే దుకాణం ఉండేది. పాత సర్కారు కాలంలోనే చుక్కా గీతల తంతి భాష నేర్చుకుని ఉద్యోగంలో చేరాను. సర్కారు మారినప్పుడు నాతో చేరినవాళ్ళు చాలామంది ఇంటిదారి పట్టారు. సెట్టు నడపడం తెలిసినవాళ్ళు దొరకక నన్ను ఉంచుకున్నారు. ఉంచుకున్నారు గానీ నమ్మలేదు.

క్యాంపు ఊరి దొర గడిలో, కోటలాంటి ఆ ఇంట్లో ఉండేది. దొర ఎప్పుడో కుటుంబంతో హైదరాబాదు వెళ్ళిపోయాడు. వడ్లు పోసే కొట్లలో ఇప్పుడు మనుషుల్ని కుక్కారు. అడవిలో ఉన్న కమ్యూనిస్టు దళాలకు అన్నం పెట్టారనో, దారి చూపారనో చుట్టుపక్కల పల్లెల నుంచి పట్టుకొచ్చినవాళ్ళు. పొద్దున దెబ్బల చప్పుడుకే మెలకువ వచ్చేది. మొదట్లో అన్నం సహించేది కాదు. కొన్నాళ్ళకు ఆ చప్పుడు వింటూనే పళ్ళు తోముకోవడం అలవాటైంది.

క్యాంపుకు పెద్ద అమీన్ సాబ్. సబ్ ఇన్‌స్పెక్టరును మా దగ్గర అలాగే పిలిచేవాళ్ళు. హైదరాబాదు మనిషి, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ బట్టల్లో ఉండేవాడు. అతను తన చేత్తో ఎవరినీ కొట్టేవాడు కాదు. కొట్టే పని అతని కిందుండే జమేదారుది. జమేదారు భారీ మనిషి, మాటలు తక్కువ. కొట్టడం అయ్యాక గడి బావి దగ్గర కూర్చుని కుడి భుజానికి ఆముదం రాసుకునేవాడు.

నా సెట్టు యుద్ధకాలం నాటి ఇనప పెట్టె. వినడానికి బ్యాటరీ చాలు. పంపాలంటే మాత్రం చేత్తో తిప్పే జనరేటర్ కావాలి. సైకిల్ పెడళ్ళలాంటి రెండు పిడులుంటాయి దానికి. ముక్కాలి పీటకు బిగించి, ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఆపకుండా తిప్పాలి. నేను తంతి కొట్టే మీట వదిలినప్పుడు అది తేలిగ్గా తిరుగుతుంది. మీట నొక్కగానే బరువెక్కుతుంది. నా వేలు మీట మీద ఉన్నంతసేపూ ఆ బరువంతా తిప్పేవాడి రెక్కల మీద పడుతుంది. అది కానిస్టేబుళ్ళు చేయాల్సిన పని. అమీన్ సాబ్ దాన్ని ఖైదీలకు అప్పజెప్పాడు.

ఎక్కువగా తిప్పింది ఇద్దరు. ఒకాయన కల్లు గీసే మనిషి. యాభైకి దగ్గర్లో ఉంటాడు. తాటిచెట్లెక్కి ఎక్కి చేతులు గట్టిపడ్డాయి. దళానికి కల్లు పోశాడని ఆయన్ను తెచ్చారు. రెండో అతను గొర్రెలు కాసే పిల్లవాడు, పెళ్ళయి ఏడాది కాలేదు. తుపాకులున్న మనుషులు తన మందలోంచి ఒక మేకపోతును తీసుకుపోయారట. ఇచ్చాడని ఇతన్ని తెచ్చారు. "నేను ఇయ్యలే సాబ్, గుంజుకపోయిండ్రు" అని చెప్పీ చెప్పీ అతని గొంతు బొంగురుపోయింది.

చలి ముదిరేవేళకు సెట్టు మొరాయించింది. కరీంనగర్ స్టేషన్ మాటలు నాకు స్పష్టంగా వినిపించేవి. నేను పంపేవి మాత్రం మొదటి అక్షరం తరువాత అక్కడికి చేరేవి కావు. "వినిపించడం లేదు, మళ్ళీ పంపు" అని అవతలి ఆపరేటర్ పదే పదే అడిగేవాడు. అతను నాతో కలిసి పని నేర్చుకున్నవాడే. మీట మీద నా చేతి తీరు విని నన్ను గుర్తుపట్టగలడు.

"ఎందుకు పోతలేదురా?" అన్నాడు అమీన్ సాబ్.

"కరెంటు సరిగ అందుతలేదు సాబ్."

"తిప్పెటోడు వేషాలేస్తుండు." అతను జమేదారు వైపు చూశాడు. లాఠీ ఆ కల్లుగీత మనిషి వీపు మీద పడింది. ఆయన ఇంకా జోరుగా తిప్పాడు. మీట నొక్కాను. మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ లాఠీ పడింది.

"తప్పు ఆయనది కాదు సాబ్, మిషన్‌ది" అన్నాను.

"మిషన్‌ను కొట్టాల్నా మరి?" అని నవ్వాడు. కానిస్టేబుళ్ళు కూడా నవ్వారు.

ఆ తరువాత సెట్టు దగ్గర కూర్చున్నప్పుడల్లా ఇదే వరస. గీత మనిషి అలసిపోతే గొర్ల పిల్లవాణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు. ఒకసారి పిడి చేతిలోంచి జారి తిరిగి అతని మోచేతికి తగిలింది. అతను చెయ్యి పట్టుకుని కింద పడ్డాడు. లేవలేదని జమేదారు బూటుకాలితో కడుపులో తన్నాడు. ఒకటి కాదు. అమీన్ సాబ్ చాలనేదాకా తన్నాడు.

జనరేటర్ విప్పి చూస్తే లోపం కనపడింది. లోపల తిరిగే రాగి చక్రానికి ఆనుకుని ఉండే రెండు చిన్న బొగ్గు ముక్కలు అరిగి అంచుకొచ్చాయి. నిప్పురవ్వలు లేస్తున్నాయి తప్ప కరెంటు నిలవడం లేదు. నా దగ్గర వేరే ముక్కలు లేవు. కొత్త జనరేటర్ కావాలని టపా మనిషితో కరీంనగర్‌కు కబురు పంపాను. జవాబు వచ్చింది. అక్కడే బాగుచేయగలిగితే చేసుకోవాలి, పనికిరాదని ఆపరేటర్ రాసిస్తేనే కొత్తది వస్తుంది, అది కూడా ఎప్పుడొస్తుందో చెప్పలేం అని.

నిర్ణయం నా మీద పడింది.

అమీన్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు. "పనికిరాదని రాసినవనుకో, నీకు నాకు కుదరది. పోయినేడు నా క్యాంపుల ఒక సెట్టు కాలిపోయింది. ఇది గూడ పాయెనంటే నన్నేమంటరు? బాగుచెయ్. లేకుంటే నువ్వే పాడుచేసినవని నేను రాస్త. నువ్వెవని మనిషివో, ఎందుకు పాడుచేసినవో చెప్పనీకి నాకు కష్టం కాదు."

బావి దగ్గర జమేదారు కూడా ఆపాడు. "బాగుజేస్తవో, కొత్తది తెప్పిస్తవో, జల్ది ఏదో ఒకటి చెయ్. నా భుజం పోతుంది" అన్నాడు. హాస్యానికి అనలేదు. నిజంగానే నొప్పితో ముఖం చిట్లించాడు.

గీత మనిషి భార్య రోజూ గడి వాకిటి దగ్గరికి మొక్కజొన్న రవ్వతో వండిన గటక తెచ్చేది. కాపలావాడు సగం తిని సగం లోపలికి పంపేవాడు. ఆమె ఒకరోజు నన్ను చూసి చేతులు జోడించింది.

"సాబ్, గా డబ్బ బాగైతే మా ఆయనను కొట్టుడు బందు చేస్తరట గదా?"

"ఎవలు చెప్పిండ్రు?"

"జమేదార్ సాబే అన్నడు. జర బాగుచెయ్యి కొడుకా. నీ కాళ్ళు మొక్కుత."

లోపలికి వచ్చి జనరేటర్ ముందు కూర్చున్నాను.

పనికిరాదని రాసిస్తే జనరేటర్ మూలాన పడే దెబ్బలు ఆగుతాయి. కానీ కొట్లలో దెబ్బలు ఆగవు. పైగా కొత్త సెట్టు వచ్చేదాకా ఈ గడిలో ఏం జరిగినా బయటికి తెలిసే దారి ఉండదు. బాగుచేస్తే అమీన్ సాబ్ నోటికి మరింత బలం వస్తుంది. అతను బలగాలు కావాలని అడిగితే ఏ పల్లె మీదికో లారీలు బయలుదేరుతాయి. ఇలా ఎటు ఆలోచించినా ఎవరో ఒకరి వీపు కనపడేది. చివరికి నన్ను కదిలించింది పెద్ద ఆలోచనేమీ కాదు. గొర్ల పిల్లవాడు నెత్తురు కక్కుకుంటున్నాడు. మళ్ళీ అతన్ని ఆ పీట ముందు కూర్చోబెడితే బతకడు. ముందు ఆ పీట దగ్గరి దెబ్బలు ఆగాలి. బాగుచేద్దామనుకున్నాను.

టార్చిలైటు సెల్లు పగలగొట్టి నడిమి బొగ్గు పుల్ల తీశాను. గడి మెట్ల రాయి మీద దాన్ని అరగదీశాను. నాన్న దుకాణంలో బ్రేకు రబ్బర్లు అరగదీసిన చేతులే. కొలత కుదరక ఒక ముక్క విరిగింది. ఇంకో సెల్లు పగలగొట్టాను. రెండు ముక్కలూ కూర్చి, స్ప్రింగు కింద బిగించి, పొద్దెక్కేసరికి గీత మనిషిని తిప్పమన్నాను. నిప్పురవ్వలు లేవలేదు. మీట నొక్కాను. కరీంనగర్ వెంటనే పలికింది.

"చెప్పిన గదా, మనసు పెడితే అయితదని" అన్నాడు అమీన్ సాబ్. గీత మనిషికి ఒక బీడీ ఇప్పించాడు. ఆయన దాన్ని వెలిగించుకోలేదు. చెవి వెనక పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే గడి వాకిట్లోకి ఎడ్లబండి వచ్చింది. గడ్డి మీద మా క్యాంపు కానిస్టేబుల్ శవం. పొద్దున హుస్నాబాద్ వెళ్ళే దారిలో దళంవాళ్ళు అతన్ని గొడ్డళ్ళతో నరికారు. మెడ దాదాపు తెగిపోయి ఉంది. రాత్రి నా పక్కనే పడుకున్న మనిషి. ముందురోజు నా దువ్వెన తీసుకుని తల దువ్వుకున్నాడు. ఒక కానిస్టేబుల్ బండి చక్రానికి తల కొట్టుకుంటూ ఏడ్చాడు. మిగతావాళ్ళు కొట్ల తలుపులు తెరిచి కనపడ్డవాణ్ణల్లా కొట్టడం మొదలుపెట్టారు. తుపాకి మడమలతో, కట్టెలతో, బెల్టులతో. లోపలి అరుపులు విని వాకిట్లో ఎద్దులు బెదిరాయి.

అమీన్ సాబ్ మాత్రం నా గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గీత మనిషిని, గొర్ల పిల్లవాణ్ణి తెప్పించాడు. ఒకణ్ణి జనరేటర్ ముందు, ఒకణ్ణి గోడకు కూర్చోబెట్టించాడు. జమేదారు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రాసుకో" అని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. కానిస్టేబుల్ హత్య జరిగింది. వెంటనే వెంబడించాం. సాయంత్రం వాగు దగ్గర ఎదురుకాల్పుల్లో ఇద్దరు తీవ్రవాదులు చనిపోయారు. ఇద్దరి పేర్లూ చెప్పాడు. ఒకటి జనరేటర్ ముందు కూర్చున్న మనిషిది. రెండోది గోడకు ఆనుకున్న పిల్లవాడిది.

సూర్యుడు ఇంకా నడినెత్తిన ఉన్నాడు.

నేను అతని ముఖం చూశాను. అతను గడియారం చూసుకుని, "పంపు. మేం వాగు కాడికి పోయొస్తం" అన్నాడు.

ఇంగ్లీషు మాటల మధ్య తన పేరు వినపడగానే గీత మనిషి తలెత్తాడు. "ఏంది సాబ్, నా పేరు చెప్తున్నరు? ఇడిచిపెడుతున్నరా?"

"తిప్పు" అన్నాడు జమేదారు. ఆయన తిప్పడం మొదలుపెట్టాడు. విడిచిపెడుతున్నారనే అనుకున్నాడేమో, ఆశపడ్డ మనిషిలా బలంగా తిప్పాడు.

ఆ గదిలో నా వేలు ఏం చెబుతోందో తెలిసినవాళ్ళు లేరు. కానిస్టేబుల్ హత్య గురించి ఉన్నదున్నట్టు పంపాను. తరువాత ఇలా పంపాను: ఇద్దరు అనుమానితులు క్యాంపులో నిర్బంధంలో ఉన్నారు. నిరాయుధులు. తీవ్రంగా గాయపడ్డారు. ఆస్పత్రికి తరలించాలి. ఇద్దరి పేర్లూ పంపాను. ఇద్దరూ ప్రాణాలతో ఉన్నారన్న మాట రెండుసార్లు పంపాను. నా ముందు ఆ మనిషి చెమటలు కారుతూ తిప్పుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా కరెంటు తగ్గలేదు.

జమేదారు తాడు తెచ్చి పిల్లవాడి చేతులు కడుతుండగా జవాబు వచ్చింది. ఇద్దరి పేర్లూ పై అధికారికి చెప్పాం. లారీ వెంటనే బయలుదేరుతోంది. ఇద్దరినీ ప్రాణాలతో అప్పగించాలి.

అది చెప్పకుండా దాచుకుంటే లాభం లేదు. వాళ్ళు వాగుకు బయలుదేరుతున్నారు. కాగితం మీద రాసి అమీన్ సాబ్ ముందు పెట్టాను. నోటితో కూడా చెప్పాను, జమేదారు వినాలని.

"లారీ వస్తుంది సాబ్. ఇద్దరినీ జీవంతోటి అప్పజెప్పాలట."

"జీవంతోటి ఉన్నరని వాళ్ళకెట్ల తెలుసు?"

"నేనే చెప్పిన."

అతని పెదవులు తెల్లబడ్డాయి. తరువాత లేచి, నా కుడిచేతి మణికట్టు పట్టుకుని బల్ల మీద పరిచాడు, పిల్లల చేత అక్షరాలు దిద్దించేవాడిలా. జమేదారుకు తల ఊపాడు. తుపాకి మడమ పైకి లేవడం చూశాను. పడటం చూడలేదు. ఎముకలు విరిగిన చప్పుడు నా చేతిలోంచి కాక గదిలో ఇంకెక్కడి నుంచో వచ్చినట్టనిపించింది. రెండో దెబ్బకు బల్ల పగిలింది. కింద పడ్డాక నా మీద ఎన్ని కాళ్ళు పడ్డాయో తెలియదు. గీత మనిషి "అయ్యో, గాయననెందుకు కొడ్తున్నరు!" అని పిడులు వదిలి లేచాడు. జమేదారు అటు తిరిగి ఆయన రెండు చేతుల మీదా కొట్టాడు. అమీన్ సాబ్ సెట్టును బల్ల మీదనుంచి కిందికి తన్ని, గాజు బల్బులు పగిలేదాకా తొక్కాడు. ఇస్త్రీ ప్యాంటు మీద గాజుపెంకులు పడ్డాయి. అతను తన కాలితో ఏదైనా తన్నడం నేను చూసింది అదొక్కసారే.

కానీ వాగుకు మాత్రం పోలేదు.

పొద్దుగుంకక ముందే లారీ వచ్చింది. అందులో ఒక పెద్ద అధికారి, ఒక డాక్టరు ఉన్నారు. మా ముగ్గురినీ గడ్డి పరిచి లారీలో పడుకోబెట్టారు. గతుకుల దారి. గొర్ల పిల్లవాడు నా పక్కనే ఉన్నాడు. నీళ్ళు అడిగితే ఎడమచేత్తో పోశాను. అతని కడుపు కుండలా ఉబ్బింది. దారిలోనే పోయాడు. ఎక్కడ పోయాడో గీత మనిషికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. కరీంనగర్‌లో డాక్టరు దుప్పటి తీసి చూసి మళ్ళీ కప్పాడు.

ఆస్పత్రిలో గీత మనిషికి, నాకు పక్కపక్క మంచాలు ఇచ్చారు. ఆయన రెండు చేతులకూ పట్టీలు. భార్య వచ్చి నోట్లో గటక పెట్టేది. నాకూ పెట్టింది. ఆమెకు నేను మంచివాణ్ణో చెడ్డవాణ్ణో తేలినట్టు లేదు.

ఒకరోజు ఆయనకు చెప్పాను, ఆనాడు ఏ వార్త పంపమని అమీన్ సాబ్ చెప్పాడో. ఆయన నా వైపు తిరిగాడు.

"నా సావు కబురు నాతోనే తిప్పిచ్చిండ్రా?"

"ఔ. నేను గది పంపలే."

"నాకు ముందే చెప్తే తిప్పేటోన్ని కాదు."

"తిప్పకుంటే లారీ వచ్చేది కాదు."

ఆయన గోడవైపు తిరిగాడు. నాకు కృతజ్ఞత చెబుతాడని అనుకోలేదు. కోపం వస్తుందని కూడా అనుకోలేదు. ఆయనకు కోపం వచ్చింది, అది న్యాయమే అనిపించింది.

తరువాత సామాన్ల లెక్కలు చూసే అధికారి ఒకడు వచ్చాడు. మర్యాదగా స్టూలు జరుపుకుని కూర్చున్నాడు.

"ఆ సెట్టు మరమ్మతు అయితదా, కొత్తది పంపాల్నా? నువ్వు చెప్తె ఫైలు కదుల్తది" అన్నాడు.

"గొర్లకాడి పిలగాడు చచ్చిపోయిండు. గది రాసుకున్నరా?"

"గది నేను చూసేది కాదు భాయ్. నన్ను సెట్టు గురించే అడగమన్నరు."

బల్బులు మార్చి, మీట అతికించి, తీగలు సరిచేస్తే ఆ సెట్టు మళ్ళీ పలుకుతుంది. బొగ్గు ముక్కలు ఇంకా చాన్నాళ్ళు పనిచేస్తాయి. అది నాకు తెలుసు. అయినా అతని ముఖంలోకి చూసి, "పనికిరాదు. పారేయుండ్రి" అన్నాను. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ క్యాంపుకు కొత్త సెట్టు పంపారో లేదో నేను కనుక్కోలేదు. అమీన్ సాబ్‌ను వేరే జిల్లాకు మార్చారని మాత్రం విన్నాను. పై అధికారి మాట మీరి వార్త పంపానని నా ఉద్యోగం పోయింది.

కట్టు విప్పాక నా వేళ్ళు మూడు సరిగా ముడుచుకోలేదు. గీత మనిషి మళ్ళీ తాటిచెట్టు ఎక్కలేదు. ఆయనను విడిచిపెట్టిన తరువాత నేనే వెతుక్కుంటూ వెళ్ళి, గొర్ల పిల్లవాడి ఇంటికి తీసుకుపొమ్మని అడిగాను. "ఎందుకు?" అన్నాడు. "చెప్పాలె" అన్నాను. ఇద్దరం నడిచి వెళ్ళాం.

నేను పోలీసు మనిషినని అక్కడివాళ్ళకు ఎవరో ముందే చెప్పారు. చనిపోయినవాడి అన్న దొడ్లోంచి కర్రతో వచ్చి ఏమీ అడగకుండా నా తల మీద కొట్టాడు. కూలబడ్డాను. భుజం మీద, నడుం మీద కొట్టాడు. చేతులు అడ్డం పెట్టలేదు. నెత్తురు కంట్లోకి కారింది. గీత మనిషి కొంతసేపు చూస్తూ నిలబడ్డాడు. తరువాత వచ్చి, సరిగా పట్టులేని తన చేతులతో ఆ కర్రను పట్టుకున్నాడు.

"చాలు తియ్. గీయన చెయ్యి గూడ గాళ్ళే ఇరగ్గొట్టిండ్రు."

అన్న కర్ర వదిలి నేల మీద కూర్చుని ఏడ్చాడు. నేను అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను. సెట్టు గురించి, వాగు గురించి, లారీ గురించి. ఆడవాళ్ళు లోపలినుంచి విన్నారు. చెప్పడం అయ్యాక పిల్లవాడి భార్య తలుపు దగ్గరికి వచ్చింది. పదహారు పదిహేడేళ్ళుంటాయేమో.

"లారీల నీళ్ళు అడిగిండా?"

"అడిగిండు. పోసిన."

"తాగిండా?"

"రెండు గుటకలు తాగిండు."

ఆమె లోపలికి వెళ్ళింది. కాసేపటికి చనిపోయినవాడి అవ్వ ఒక తడిగుడ్డ తెచ్చి, తల తుడుచుకొమ్మని నా చేతికిచ్చింది.